ప్రిన్స్ ఎడ్వర్డు కౌంటీలోని హైస్కూళ్ళు

ఏ పాఠశాల మంచిదను ప్రశ్న ప్రతి వేసవిలోను తలిదండ్రులు మమ్ము నడుగుచుందురు. అడుగువారు సాధారణముగా పరీక్షాఫలితములను, భవనమును, రుసుమును చూచి తూకము వేయుదురు. ఇట్టి తూకమే యొక పల్లెప్రాంతమున న్యాయస్థానముదాక పోయి, తుదకు ఒక దేశపు విద్యావిధానమును మార్చినది. ఆ వృత్తాంతము మా విద్యార్థులు తెలిసికొనదగినదని తలంచి యిచ్చట వ్రాయుచున్నాము.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, రాజధానియగు రిచ్‌మండుకు సుమారు 60 మైళ్ళ దూరమున ప్రిన్స్ ఎడ్వర్డు కౌంటీ గలదు. కౌంటీ యనగా మన జిల్లావంటి పాలనాభాగమే గాని చాల చిన్నది. 1950 ప్రాంతమున దాని జనసంఖ్య సుమారు 15,000. అందు దాదాపు సగముమంది నల్లజాతివారు. పొగాకు ముఖ్యమైన పంట, ఫార్మ్‌విల్ ముఖ్యపట్టణము. శ్వేతజాతి పిల్లలును నల్లజాతి పిల్లలును వేర్వేరు బడులలో చదువవలెనని ఆ రాష్ట్రపు శాసనము. వేరుగా నుంచినను వసతులు సమానమైనచో దోషము లేదని అమెరికా అత్యున్నత న్యాయస్థానము 1896లోనే యొప్పుకొనియుండెను.

ఆ సమానత్వ మెట్టిదో చూతము. నల్లజాతివారికై 1939లో కట్టిన మోటన్ హైస్కూలు 180 మందికి సరిపడు ఇటుకకట్టడము. 1951 నాటికి అందు 450 మందికి పైగా చదువుచుండిరి. చోటు చాలక అధికారులు తారుకాగితము కప్పిన కొయ్యపాకలను వేయించిరి. చలికాలమున పొయ్యి చెంత కూర్చున్న పిల్లలు ఉడికిపోవుచుండగా, దూరమున నున్నవారు పైకోటు విప్పక వణకుచుండిరి. వాన వచ్చినచో కప్పు కారును. వ్యాయామశాల లేదు, భోజనశాల లేదు. శ్వేతజాతివారి ఫార్మ్‌విల్ హైస్కూలున ఇవి రెండును గలవు.

కప్పు కారుట యెవరి కంటికైనను కనబడును. ఉపాధ్యాయులమైన మా మనస్సునకు ఎక్కువగా తగులునది బోధింపబడని పాఠముల పట్టిక. శ్వేతజాతివారి బడులలో చెప్పుచుండిన భౌతికశాస్త్రము, ప్రపంచచరిత్ర, లాటిను, చిత్రలేఖనము మోటన్ హైస్కూలున చెప్పుట లేదని న్యాయస్థానమే గుర్తించెను. లాటిను రానంత మాత్రమున బ్రదుకు ఆగిపోదు, నిజమే. కాని భౌతికశాస్త్ర మెరుగని పిల్లవాడు ఇంజనీరు కాగోరినచో ఏ ద్వారమున ప్రవేశించును? బాలునికి పదునాలుగేండ్లు నిండకమునుపే అతని జీవితము ఇంతవరకేయని ఎవరో గీత గీసినట్లే గదా. ఆ గీత గోడలలో కనబడదు; కాలపట్టికలో వెదకవలెను.

1951 ఏప్రిల్ 23వ తేదీన బార్బరా జాన్స్ అను పదునారేండ్ల బాలిక తోడివారితో ఆలోచించి, ప్రధానోపాధ్యాయుని ఒక టెలిఫోను మిషచే బడి వెలుపలికి పంపి (ప్రధానోపాధ్యాయులు మన్నింతురు గాక!), విద్యార్థులనందరిని సభగా కూర్చి సమ్మె ప్రారంభించెను. వారు మొదట కోరినది మంచి భవనమే. పిలువగా వచ్చిన న్యాయవాదులు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ అనువారు, వేర్పాటునే ఎదిరించుటకు ఒప్పుకొన్నచో వ్యాజ్యము చేపట్టుదుమనిరి. ఇది చిన్న విషయము కాదు. తలిదండ్రులలో పలువురు శ్వేతజాతివారిని ఆశ్రయించి బ్రదుకువారు. ఫార్మ్‌విల్‌లోని ఫస్ట్ బాప్టిస్టు సంఘకాపరి ఫ్రాన్సిస్ గ్రిఫిన్‌గారు వారికి అండగా నిలిచిరి. తమ దేవాలయమును సభలకు తెరచిరి. మే 23వ తేదీన 117 మంది విద్యార్థుల పక్షమున దావా దాఖలయ్యెను.

1952లో ముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. భవనము, పాఠ్యక్రమము, బస్సులు, ఈ మూడింటను మోటన్ హైస్కూలు తక్కువదే యని యొప్పుకొని, ఆ లోపములను తీర్పుడని యుత్తరువు చేసిరి; వేర్పాటువలన మాత్రము ఏ జాతికిని హాని లేదనిరి. అధికారులును 1953లో క్రొత్త భవనమును పూర్తిచేసిరి. ఇటుకకు ఇటుక సరిపోయినది గదా, ఇంక కొరత యేమని యడుగవచ్చును. ఈ వ్యాజ్యము మరి నాలుగింటితో కలిసి అత్యున్నత న్యాయస్థానమునకు పోగా, 1954 మే 17వ తేదీన న్యాయమూర్తు లేకగ్రీవముగా దానికి బదులిచ్చిరి. భవనములు, జీతములు సమానమైనను చాలదు. జాతినిబట్టి పిల్లలను వేరుచేయుటయే తాము తక్కువవారమను భావమును వారి హృదయములలో నాటుననియు, వేరుగా నుంచిన విద్య సమానము కానేరదనియు వారి నిర్ణయము. పాఠశాలల తారతమ్యము చూచుటలో ఇంతకంటె సూక్ష్మమైన మాట మే మెరుగము.

కౌంటీ పెద్దలు ఈ తీర్పునకు లోబడలేదు. కలిపి చదివించుటకంటె బడులే లేకుండుట మేలని తలంచి, 1959లో సర్కారు బడులకు ధనమిచ్చుట మానిరి. కౌంటీలోని సర్కారు బడులన్నియు మూతపడెను. శ్వేతజాతి పిల్లలకు చందాలతో ఒక ప్రైవేటు విద్యాలయము వెలసెను. సుమారు 1,700 మంది నల్లజాతి పిల్లలకు బడి లేకపోయెను. కొందరు బంధువుల యిండ్లకు, కొందరు క్వేకరుల సహాయముతో ఇతర రాష్ట్రములకు పోయిరి. అనేకులు పొలములలో కూలికి కుదిరిరి. వారిలో కొందరు మరల పలక పట్టనేలేదు. 1963లో దాతల ధనముతో ఉచిత పాఠశాలలు తెరవబడెను. బడులను మూసియుంచుట చెల్లదని 1964 మేలో అత్యున్నత న్యాయస్థానము చెప్పినది. గ్రిఫిన్‌గారి పేరనే ప్రసిద్ధమైనది ఆ వ్యాజ్యము. ఆ సంవత్సరమే సర్కారు బడులు మరల తెరచిరి.

పాత మోటన్ హైస్కూలు ఇప్పుడు ప్రదర్శనశాల. బడులు మూసినందున చదువు పోగొట్టుకొనిన వారికై 2004లో వర్జీనియా శాసనసభ విద్యార్థివేతనములను ఏర్పరచెను. 1959లో మొదటి తరగతిలో చేరవలసినవారికి అప్పటికి ఏబదియేండ్లు దాటినవి.