మీకు తెలుసా? ఒక్క గేరుకు రెండుసార్లు క్లచ్!

కారులో గేరు మార్చడానికి క్లచ్ ఒక్కసారి తొక్కితే చాలు. అమెరికా హైవేల మీద ఈటన్ ఫుల్లర్ 18 గేర్ల గేరుబాక్సుతో తిరిగే భారీ లారీల్లో అలా కుదరదు.

కారు గేరుబాక్సులో సింక్రోనైజర్ రింగులుంటాయి. కలవబోయే భాగాల వేగాన్ని అవే సమానం చేస్తాయి. ఈ లారీల్లో ప్రధాన గేర్లకు అవి ఉండవు, ఆ పని డ్రైవరే చేయాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి లాగుతాడు, క్లచ్ వదులుతాడు. పై గేరుకైతే ఇంజన్ వేగం తగ్గేదాకా ఓ క్షణం ఆగుతాడు. కింది గేరుకైతే యాక్సిలరేటర్ తొక్కి వేగం పెంచుతాడు. మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేస్తాడు. ఇదే డబుల్ క్లచింగ్. వేగం కుదరకపోతే లోపల కరకరమంటుంది, గేరు పడదు. అందుకే బాగా దిగువకు పోయే రోడ్డైతే, దిగకముందే చిన్న గేరు వేసుకోవాలి. వాలు మధ్యలో గేరు తప్పి న్యూట్రల్‌లో చిక్కితే ప్రాణాలకే ముప్పు. చేయి తిరిగిన డ్రైవర్లు మీటరు చూడరు, ఇంజన్ చప్పుడు వింటారు. నా దృష్టిలో అది నిజమైన విద్య.

18 గేర్లంటే రాడ్డుకు 18 చోట్లుండవు. 'లో' అనే గేరుతో కలిపి మొదట 5 గేర్లు. రేంజి మీట ఎత్తితే పాత చోట్లలోనే మరో 4. ఈ తొమ్మిదింటినీ స్ప్లిటర్ బటన్ రెండేసి చేస్తుంది.

ఆటోమేటిక్ లారీతో పరీక్ష పాసైతే, అమెరికా కమర్షియల్ లైసెన్సు మీద 'ఇ' అక్షరం పడుతుంది. అది ఉన్నవారు మాన్యువల్ గేర్ల భారీ లారీ నడపకూడదు.