కుర్చీ పోయినా మేయరే: రూహీ అల్ ఖతీబ్

జుమా రోజు మింబర్ ఎక్కి ఖుత్బా ఇచ్చే వారిని మనం ఖతీబ్ అంటాం. బైతుల్ మఖ్దిస్ నగరంలో అదే ఇంటిపేరుగా గల కుటుంబాలున్నాయి. 1914లో జన్మించిన జనాబ్ రూహీ అల్ ఖతీబ్ ఇంటిపేరూ అదే. అయితే ఆయన ఎన్నుకున్నది మింబర్ కాదు, మునిసిపాలిటీ.

1948 యుద్ధంతో జెరూసలేం రెండు ముక్కలైంది. మస్జిదె అఖ్సా ఉన్న తూర్పు భాగం జోర్డాన్ ఏలుబడిలోకి వచ్చింది. 1957లో ఆయన దానికి మేయరయ్యారు. అది నీటికి కటకటలాడే కొండ ఊరు. నడుమ ముళ్ళకంచె. పదేళ్ళు ఆ బరువు మోశారు.

1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ ఆ భాగాన్నీ ఆక్రమించింది. జూన్ 10 రాత్రి, అఖ్సా పడమటి గోడను ఆనుకొని ఉన్న మగారిబా మొహల్లా మీదికి బుల్డోజర్లు వచ్చాయి. సుల్తాన్ సలాహుద్దీన్ కుమారుడు అల్ అఫ్జల్ వక్ఫ్ చేసిన మొహల్లా అది. వందకు పైగా ఇళ్ళు నేలమట్టమయ్యాయి. వక్ఫ్ ఆస్తి పోతే కలిగే బాధ మనకు వేరే చెప్పనక్కరలేదు.

అంతటి దుఃఖంలోనూ ఖతీబ్ సాహెబ్, సభ్యులు నగర సేవలను నిలిపివేయలేదు. జూన్ 29న వారిని ఒక హోటల్‌కు పిలిపించి, కౌన్సిల్ రద్దయిందని సైనికాధికారి చదివి వినిపించాడు. ఆ ఉత్తర్వు రాతపూర్వకంగా ఇమ్మని మేయర్ అడిగారు. హోటల్‌లో చేతులు తుడుచుకునే కాగితం మీదే అరబీలో రాసి ఇచ్చారు! పదేళ్ళ సేవకు దక్కిన మర్యాద అది.

తర్వాత ఇజ్రాయెల్ వారి కౌన్సిల్‌లో చేరమని ఆహ్వానం వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. లోపల ఉంటే నాలుగు పనులైనా జరిగేవి కదా అనే వారుండవచ్చు. ఆ మాటను మనం తేలిగ్గా కొట్టిపారేయలేం, నల్లా నీళ్ళు ఎవరికైనా కావాలి. కాని ఆ కుర్చీలో కూర్చుంటే ఆక్రమణకు సంతకం పెట్టినట్టే అవుతుందని ఆయన భావించారు.

1968 మార్చి 7న ఆయనను జోర్డాన్‌కు వెళ్ళగొట్టారు. మే నెలలో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ముందు నిలబడి తన ఊరి గోడు వినిపించారు. నగర ప్రతిపత్తిని మార్చే చర్యలు చెల్లవని మే 21న మండలి 252వ తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. ప్రవాసంలోనూ అరబ్బులు ఆయనను మేయర్ అనే పిలిచారు.

1993లో తిరిగి రావడానికి అనుమతి దొరికింది. అప్పటికి వయసు ఎనభైకి చేరువ. మరుసటి ఏడు జూలైలో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. మగారిబా మొహల్లా ఉన్న చోట రాళ్ళు పరిచిన పెద్ద మైదానం ఉంది.