టైరులో గాలి తగ్గిస్తే సైకిలు వేగమెందుకు పెరుగుతుంది?

పట్టిసీమ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. "కొత్తగా గ్రావెల్ సైకిలు కొన్నాను. కొట్టులో గాలి బాగా గట్టిగా కొట్టి ఇచ్చారు. తారు రోడ్డు మీద బాగానే పోతోంది. ఏటిగట్టు దిగి మట్టిబాట పడితే మాత్రం చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, ఎంత తొక్కినా సాగడం లేదు. మా తాతగారి పాత సైకిలు అదే బాటలో ఇంతకంటే హాయిగా పోతుంది. లోపం బండిలో ఉందా, నాలో ఉందా? పనిలో పనిగా, మా చుట్టుపక్కల తొక్కడానికి మంచి బాటలెక్కడున్నాయో కూడా చెప్పండి."

బండిలో లోపం లేదు, మీలోనూ లేదు. టైరులో గాలి ఎక్కువైంది. రెండు మాటల్లో జవాబిదే. అక్కడితో ఆగడానికి నాకు మనసొప్పడం లేదు. ఎందుకంటే దీని వెనక పందెగాళ్లు, ఇంజనీర్లు, టైర్ల కంపెనీలు కొన్ని తరాలపాటు ఏకగ్రీవంగా నమ్మిన ఒక పొరపాటు ఉంది. ఆ పొరపాటు ఎక్కడ జరిగిందో తెలిస్తే రబ్బరు, రాయి, మనిషి ఒళ్లు, మూడింటి సంగతీ ఒకేసారి అర్థమవుతుంది.

ముందు సైకిలు గురించి నాలుగు ముక్కలు. వంపు హ్యాండిలు, డిస్క్ బ్రేకులు, గట్టు ఎక్కడానికి పనికొచ్చే తేలిక గేర్లు, 38 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు ఉంటే దాన్ని గ్రావెల్ సైకిలు అంటున్నారు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు రాతిబాటల మీద 2006లో మొదలైన పందెం దీనికి ఊపు తెచ్చింది. 2022లో ఇటలీలో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. ఇక తాతగారి సైకిలు. దాని టైరు పక్కన 28 × 1½ అని అచ్చువేసి ఉంటుంది. ఒకటిన్నర అంగుళమంటే 38 మిల్లీమీటర్లు. పుట్లకొద్దీ వడ్లు ఇంటికి చేర్చిన ఆ నల్ల సైకిలు, ఇప్పుడు అంత ధర పెట్టి కొంటున్న ఈ సైకిలు, టైరు వెడల్పులో అన్నదమ్ములే. తేడా గాలిలో ఉంది. ఊళ్లో పంక్చర్ షాపాయన బొటనవేలితో నొక్కి చూసి చాలనేవాడు. ఇప్పుడు పంపుకి గేజి వచ్చింది. టైరు మీద అచ్చేసిన అంకె దాకా కొడుతున్నాం. ఆ అంకె చాలావాటి మీద గరిష్ఠ పరిమితి, అది దాటితే ప్రమాదమని హెచ్చరిక. దాన్ని సలహాగా చదువుకుంటున్నాం.

ఇప్పుడు అసలు కథ. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్, కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్లబాట మీద ఎగిరెగిరి పడుతోందని గాలి నింపిన రబ్బరు గొట్టాన్ని చెక్క చక్రానికి చుట్టాడు. తర్వాత చేసిన పరీక్ష చాలా సాదాది. ఆ చక్రాన్నీ, గట్టి రబ్బరు చక్రాన్నీ తన పెరట్లో నేల మీద దొర్లించాడు. గట్టి చక్రం మధ్యలోనే పడిపోయింది. గాలి చక్రం పెరడు చివరిదాకా పోయి గేటుకు తగిలి వెనక్కి వచ్చింది. 1888లో పేటెంటు తీసుకున్నాడు. (రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు వాడు 1845లోనే గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడని తర్వాత బయటపడి డన్‌లప్ హక్కు చెల్లకుండా పోయింది.) 1889 మేలో విలీ హ్యూమ్ ఈ టైర్లతో బెల్‌ఫాస్ట్ పందేల్లో దిగి గెలిచాడు. లావు టైరును చూసి నవ్వినవాళ్లు నవ్వు మానేశారు.

డన్‌లప్ పరీక్షలో ఒక గొప్ప గుణముంది. అది నిజమైన గరుకు నేల మీద జరిగింది. తర్వాత వచ్చిన ప్రయోగశాలలు దాన్ని వదిలేశాయి. టైరును నున్నటి ఉక్కు డ్రమ్ముకి ఆనించి తిప్పి, ఎంత శక్తి ఖర్చవుతోందో కొలవడం మొదలుపెట్టాయి. డ్రమ్ము మీద ఫలితం ఎప్పుడూ ఒక్కటే: గాలి పెంచేకొద్దీ నష్టం తగ్గుతుంది. కారణం రబ్బరు స్వభావం. నేలకు ఆనినచోట టైరు అణుగుతుంది, దాటగానే మళ్లీ లేస్తుంది. అణగడానికి తీసుకున్న శక్తినంతా రబ్బరు తిరిగివ్వదు, కొంత వేడిగా పోతుంది. గాలి ఎక్కువుంటే అణగడం తక్కువ, వేడీ తక్కువ. లెక్క తప్పు కాదు. ఇంకేముంది, సన్నటి టైరు, నిండా గాలి అన్నదే సూత్రమైపోయింది. ఈ శతాబ్దం మొదట్లో కూడా పందెగాళ్లు 23 మిల్లీమీటర్ల టైర్లకు వంద పీఎస్ఐ పైన గాలి కొట్టేవాళ్లు.

డ్రమ్ము మీద లేనివి రెండు. ఒకటి రాయి, రెండు మనిషి.

ఐదు మిల్లీమీటర్ల ఎత్తు గులకరాయి ఒకటి దారిలో ఉందనుకోండి. టైరు గట్టిగా ఉంటే అణగదు. చక్రం రాయెక్కాలి, చక్రంతోపాటు సైకిలు, సైకిలుతోపాటు మీరు. మీరూ బండీ కలిసి 80 కిలోలనుకుంటే, ముందు చక్రం ఒకసారి, వెనక చక్రం ఒకసారి ఎక్కి దిగేసరికి మొత్తం బరువును ఐదు మిల్లీమీటర్లు ఎత్తినట్టే. అందుకు దాదాపు 4 జౌళ్లు కావాలి. మీటరుకొక రాయి చొప్పున, గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు ఐదు రాళ్లు, అంటే 20 వాట్లు. తీరిగ్గా తొక్కేవాడు కాళ్లతో పుట్టించేది సుమారు 100 వాట్లు. అందులో ఐదో వంతు మిమ్మల్ని ముందుకు తీసుకెళ్లకుండా పైకి ఎత్తడానికే పోతోంది.

ఎక్కిన రాయి దిగుతాం కదా, ఆ శక్తి తిరిగి రాదా అని అడగవచ్చు. చాలా మంచి ప్రశ్న. దిగేటప్పుడు కొంత వస్తుంది. కానీ వేగంగా పోయే చక్రం రాయి మీంచి గాల్లోకి లేచి దభాలున పడుతుంది. ఆ దెబ్బ రిమ్ములోంచి, ఫ్రేములోంచి చేతుల్లోకి, తుంటిలోకి, వెన్నులోకి వస్తుంది. మనిషి ఒళ్లు వడ్ల బస్తా లాంటిది. బస్తాను కింద పడేస్తే తిరిగి ఎగరదు, ఆ దెబ్బంతా లోపలి గింజల మధ్య రాపిడైపోతుంది. మన కండలు, కొవ్వు, పేగులు ఒకదానితో ఒకటి రాసుకుని ఆ అదురును వేడిగా మార్చేస్తాయి. పాఠకుడి చేతుల తిమ్మిరి అక్కడిదే. ఆయన తొక్కిన శక్తిలో ఒక భాగం ఆయన మోచేతుల్లోనే ఖర్చయిపోయింది.

దీన్ని ముందుగా లెక్కకట్టింది సైకిళ్లవాళ్లు కాదు. అమెరికా సైన్యం వాహనాల విభాగంలో ప్రాడ్కో, లీ అనే పరిశోధకులు 1960లలో ఎగుడుదిగుడు నేల మీద బండి నడిపేవాడి శరీరం ఎన్ని వాట్ల అదురు పీల్చుకుంటోందో కొలిచారు. మనిషి ఎక్కువసేపు ఓర్చుకోగలిగిన హద్దుగా 6 వాట్లు స్థిరపడింది. గుంతల్లో సైనిక వాహనం వేగానికి హద్దు పెట్టేది చాలాసార్లు ఇంజను కాదు, నడిపేవాడి వెన్ను. ఇంత విలువైన సంగతి సైన్యం కాగితాల్లో ఉండగానే సైకిలు లోకం ఇంకో నలభై ఏళ్లు నున్నటి డ్రమ్ములు తిప్పుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత యాన్ హైనె అనే పత్రికా సంపాదకుడు తన 'బైసికిల్ క్వార్టర్లీ' కోసం నిజమైన రోడ్ల మీద, నిజమైన మనుషుల్ని ఎక్కించి పరీక్షలు చేశాడు. హైవే అంచున నిద్రమత్తు డ్రైవర్లను లేపడానికి వేసే గరుకు గాట్ల మీద కూడా తొక్కించి వాట్లు కొలిచాడు. లావు, మెత్తని టైర్లు వెనకబడలేదు. జాష్ పోర్ట్‌నర్ అనే ఇంజనీరు పారిస్–రూబే పందెం రాతిబాటల కోసం పనిచేస్తూ అదే దారికి వచ్చాడు. గాలి పెంచుతూ పోతే నష్టం కొంతదాకా తగ్గుతుంది, ఒక చోట మలుపు తిరిగి వేగంగా పెరుగుతుంది. మలుపు దాటాక గాలి మరీ ఎక్కువైతే కలిగే నష్టం, అంతే మేరకు తక్కువైతే కలిగే నష్టం కంటే బాగా పెద్దది. నేల గరుకయ్యేకొద్దీ ఆ మలుపు తక్కువ గాలి వైపు జరుగుతుంది. తారు మీద ఎక్కడో ఉండేది, ఏటిగట్టు పక్క బాట మీద చాలా కిందే వచ్చేస్తుంది.

ఇంతమంది ఇంతకాలం ఎలా మోసపోయారంటే, గట్టి టైరు అదురుతుంది, మన మెదడు అదురును వేగంగా చదువుతుంది. మెత్తని టైరు మీద శబ్దం, కుదుపు తగ్గి నెమ్మదిగా పోతున్నట్టనిపిస్తుంది. గడియారం పెట్టి చూస్తే తప్ప నిజం తెలియదు.

మెత్తని టైరు ఏం చేస్తుందంటే, రాయిని తనలో ఇముడ్చుకుంటుంది. రాయి తగిలినచోట మాత్రమే లోపలికి పోతుంది, చక్రం ఇరుసు దాదాపు ఉన్న ఎత్తులోనే సాగుతుంది. 80 కిలోలు లేవాల్సిన చోట కొన్ని గ్రాముల రబ్బరు లేస్తోంది. ఇక్కడే వెడల్పు పనికొస్తుంది. వెనక చక్రం మీద 48 కిలోలు పడితే, 80 పీఎస్ఐ దగ్గర టైరు నేలకు ఆనే మేర సుమారు 8.5 చదరపు సెంటీమీటర్లు, 40 దగ్గర సుమారు 17. బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే వచ్చేదే ఆ వైశాల్యం, టైరు వెడల్పుతో దానికి పెద్దగా పని లేదు. కానీ సన్నటి టైరు అంత చోటు సంపాదించాలంటే పొడవునా లోతుగా అణగాలి, రిమ్ము నేలకు తగిలి ట్యూబు తెగుతుంది. వెడల్పాటి టైరు అడ్డంగా పరుచుకుని తక్కువ లోతుతో సరిపెడుతుంది. అందుకే తక్కువ గాలి వెడల్పు టైరుకే చెల్లుతుంది. టైరు లోపలి గుడ్డ పొర పలచగా, మెత్తగా ఉండడమూ ముఖ్యమే. ముల్లు దిగకుండా మందపాటి పొరలు కుక్కిన టైరు ఏ గాలి పెట్టినా మొద్దుగానే ఉంటుంది.

మరి ఎంత పెట్టాలి? 70 కిలోల మనిషి, 40 మిల్లీమీటర్ల టైరు, గ్రావెల్ బాట అయితే వెనక 40, ముందు 35 పీఎస్ఐతో మొదలుపెట్టండి. గేజి లేకపోతే, సైకిళ్ల మీద రాసే ఫ్రాంక్ బెర్టో అనే ఇంజనీరు చెప్పిన కొలత ఉంది. మీరు కూర్చున్నప్పుడు టైరు తన ఎత్తులో 15 శాతం అణగాలి, 40కి 6 మిల్లీమీటర్లు. గోడకు ఆనుకుని కూర్చుంటే పక్కనున్నవాళ్లు స్కేలు పెట్టి చూడగలరు. రాయి మీద రిమ్ము టంగుమంటే రెండు మూడు పీఎస్ఐ పెంచండి. ట్యూబుకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉండాలి, ఊళ్ల పంక్చర్ షాపుల్లో దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకండి.

ఇక బాటలు. పట్టిసీమవాళ్లకు కాలి కింద ఉన్న నిధి ఏమిటో చెప్పకుండా ఉండలేను. కొవ్వూరుకు దగ్గర్లో పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో తవ్వే నల్లరాయి లావా గడ్డకట్టి ఏర్పడింది. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమిని కప్పేసిన లావాలో భాగమది. పడమటి కనుమల వైపు నుంచి పాత నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికొచ్చిందని, భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఒకటని కొందరు భూవిజ్ఞానులు చెబుతున్నారు. ఆ పొరల నడుమ డైనోసార్లు అంతరించిన కాలపు గుర్తుల్ని కూడా వెతికారు. అటువంటి రాయిని క్రషర్‌లో పగలగొడితే అంచులు పదునుగా వస్తాయి, ముక్కలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని కదలకుండా కూర్చుంటాయి. ఏటి గులకరాళ్లు గుండ్రంగా ఉండి టైరు కింద దొర్లుతాయి. కంకర, ఎర్ర గ్రావెల్ కలిపి రోలరు తొక్కించిన గట్టు దొరికితే అంతకంటే మంచి బాట ఉండదు.

కొవ్వూరు నుంచి తాళ్లపూడి మీదుగా పట్టిసీమ, పోలవరం దాకా ఏటిగట్టు మీద తారు రోడ్డే. గట్టు దిగి లంకల్లోకి పోయే బండిబాటలు కొత్తవాళ్లకు మంచివి. పోలవరం కుడి కాలువ గట్టు ఇంకా మంచిది. 24 పంపుల పట్టిసీమ ఎత్తిపోతల 2015లో గోదావరి నీళ్లను కృష్ణ వైపు పంపడం మొదలుపెట్టింది ఈ కాలువలోకే. దాని మొత్తం పొడవు సుమారు 174 కిలోమీటర్లు. కింద విజ్జేశ్వరం నుంచి బయల్దేరే పశ్చిమ డెల్టా కాలువల గట్లు 1852లో గోదావరి మీద కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక పడవలను తాళ్లతో లాగుతూ మనుషులు నడిచిన బాటలు, కాబట్టి ఎక్కుడు దిగుడు లేకుండా సాగుతాయి. శాటిలైట్ చిత్రంలో కాలువ వెంట లేతరంగు గీత కనిపిస్తే అది బాటే. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో బండిబాటలకు వేరే గుర్తు ఉంటుంది. గేటు వేసి ఉన్నచోట ఇరిగేషన్ వాళ్లనడిగి వెళ్లండి. పోలవరం దాటితే పాపికొండల జాతీయ పార్కు వస్తుంది, అక్కడ అటవీ శాఖ అనుమతి కావాలి.

వర్షాకాలంలో మాత్రం వద్దు. మన నల్ల ఒండ్రు బంకమట్టి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, టైరుకీ ఫోర్కుకీ మధ్య మెత్తుకుపోయి చక్రం తిరగనివ్వదు. తడి గట్టు మీద పడిన గాడి రైతుకి నష్టం. ఏరు పొంగితే ఏటిగట్టు కాపలా మనుషులకు, ఇసుక బస్తాల లారీలకు కావాలి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన నది ఇది. వేసవిలో కాలువలు కట్టేశాక తీసిన పూడిక గట్టు మీదే పోస్తారు, ఎండితే ఆ బెడ్డలు ఏ టైరుకీ లొంగవు. గట్టు బాగుచేసినవాళ్లే ఇలా చేయడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సార్వా కోతలప్పుడు గట్ల మీద ధాన్యం ఆరబోస్తారు. అక్కడ దిగి నడిపించుకుపోవాలి. సర్కారు తుమ్మ ముళ్లకు ట్యూబు లేని టైరు, లోపల సీలెంటు మేలు.

చివరగా ఇసుక. నీళ్లు తగ్గాక పట్టిసీమ దగ్గర ఏట్లో ఉన్న వీరభద్రస్వామి కొండ చుట్టూ తిన్నెలు తేలతాయి. నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది, రేణువుల మధ్య పలచటి నీటిపొర వాటిని ఒకదానికొకటి లాగి పట్టుకుంటుంది. పొడి ఇసుకలో ఆ పట్టు లేదు, టైరు ఒత్తిడికి పక్కకు జరిగిపోతుంది. టైరు నేలను నొక్కే ఒత్తిడి దాదాపు లోపలి గాలి ఒత్తిడంతే కాబట్టి గాలి తగ్గించిన మేరకు కూరుకుపోవడం తగ్గుతుంది. నేల ఎంత బరువు మోస్తుందన్న ఈ లెక్కను ఒక శాస్త్రంగా నిలబెట్టిన పోలండు ఇంజనీరు బెకర్, 1971లో చంద్రుడి మీద తిరిగిన బండి రూపకల్పనలో కూడా పాలుపంచుకున్నాడు. దాని చక్రాలు గాలి లేకుండా ఉక్కుతీగ అల్లికతో చేసినవి. మీరు తిన్నెల్లోకి దిగేముందు 25 పీఎస్ఐకి తగ్గించండి, ఇసుక తవ్విన గోతులు ఎక్కడున్నాయో రేవులో అడిగి తెలుసుకోండి, తిరిగి తారు ఎక్కేముందు మళ్లీ గాలి కొట్టుకోండి.