పన్ను పీకించే ముందు గుండె సంగతి చెప్పండి

కామాటిపుర చాళ్లలో పన్ను సలిపితే మొదట చేతికొచ్చేది మిష్రీ డబ్బానే. పొగాకును పెనం మీద నల్లగా వేయించి, దంచి, వేలితో చిగుళ్లకు రుద్దుకోవడం మరాఠీ ఇరుగుపొరుగు నుంచి మన ఆడవాళ్లకూ అబ్బింది. మగవాళ్ల కథ వేరే. పత్తి, నూలు ఉండే మిల్లులో నిప్పు భయం, అందుకని లోపల బీడీ బంద్. బుగ్గలో తంబాకు, సున్నం పెట్టుకొని పాళీ గడిపేవాళ్లు. 1982 సమ్మె అయింది, మిల్లులు మూతపడ్డాయి, తంబాకు మాత్రం ఇంటికొచ్చి కూర్చుంది. పొగాకు కలిపిన పండ్ల పొడులను, పేస్టులను 1992లోనే సర్కారు నిషేధించింది. ఇంట్లో వేయించుకునేదాన్ని ఎవరాపుతారు?

మిష్రీ రుద్దితే కాసేపు తిమ్మిరెక్కి నొప్పి తెలియదు, అంతే. లోపల పాచి, చీము అట్లనే ఉంటాయి. నమిలినా, తోమినా, పన్ను పీకినా అక్కడి క్రిములు కొన్ని నెత్తురులోకి పోతాయి. గుండె బాగున్నవాళ్లకు మామూలుగా ఏమీ కాదు. వాల్వు చెడినవాళ్లకు మాత్రం అవి ఆ వాల్వు మీదనే గూడు కట్టవచ్చు. డాక్టర్లు దాన్ని ఎండోకార్డైటిస్ అంటారు. వారాల తరబడి విడవని జ్వరం, చలి, ఆయాసం, బరువు తగ్గడం దాని గుర్తులు. ఆస్పత్రిలో వారాలపాటు నరానికి మందు ఎక్కించాలి, ఒక్కోసారి ఆపరేషనే. ప్రాణాలు పోయేదీ ఉంది.

మనకెందుకొస్తుంది వాల్వు జబ్బు అంటారేమో. ఒక్క ఖోలీలో ఏడెనిమిది మంది పడుకుంటే ఒకరి గొంతునొప్పి అందరికీ అంటుతుంది. అది పట్టించుకోకపోతే కొందరు పిల్లలకు రెండు మూడు వారాలకు జ్వరంతో కీళ్లు వాస్తాయి. అదే రుమాటిక్ జ్వరం. కీళ్లు నయమైనా వాల్వు దెబ్బతిని ఉండవచ్చు. ఆ పిల్ల పెద్దదై కడుపుతో ఉన్నప్పుడు ఆయాసపడితే గానీ బయటపడదు.

అందుకే ఇంట్లో ఎవరికైనా వాల్వు జబ్బున్నా, వాల్వు మార్చినా, పెన్సిలిన్ సూదులు నడుస్తున్నా, నెత్తురు పలచబడే మాత్రలు వేసుకుంటున్నా, పళ్ల డాక్టరుకు ముందే చెప్పండి, కాగితాలు చూపండి. కొందరికి పన్ను పీకే ముందు యాంటీబయోటిక్ ఇస్తారు. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ముంబయి సెంట్రల్ కాడి నాయర్ దంత ఆస్పత్రి మనకు నడిచిపోయేంత దూరమే.

మరి గుండెపోటు? చిగుళ్ల జబ్బున్నవాళ్లలో అది ఎక్కువ కనిపిస్తుంది గానీ, చిగుళ్లే కారణమని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. పొగాకు మాత్రం చిగుళ్లనూ తింటుంది, గుండెనూ తింటుంది.

మిష్రీ బదులు బ్రష్షు, లేదంటే యాపపుల్ల, మెత్తగా నమిలి, చిగుళ్లు గీరుకోకుండా. నల్లా పొద్దున్నే వస్తుంది కాబట్టి మన ఇళ్లల్లో రాత్రి తోముకునే అలవాటు లేదు. పడుకునే ముందుకు ఒక చెంబు నీళ్లు దాచిపెట్టుకుంటే సరిపోతుంది.