పిత్రార్జితపు పొలము అమ్మునపుడు

తాతలనాటి పొలమును అమ్మక తప్పని పరిస్థితి కొందరు రైతు సోదరులకు వచ్చును. ఎకరమునకు ఇంత అని మాత్రమే బేరమాడినచో, ఏండ్ల తరబడి పెంచిన గడ్డి బీడుకు తగిన విలువ దక్కదు.

రసాయనములు వాడని బీడు ఒక్క ఏటిలో తయారు కాదు. జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమము నియమముల ప్రకారము మార్పిడికే సాధారణముగా కనీసము 2 ఏండ్లు పట్టును. వేసిన పశువుల ఎరువు, చల్లిన విత్తనము, మేపిన కాలము తేదీలతో వ్రాసిన పుస్తకమును, భూసార పరీక్ష ఫలితమును కొనువారికి చూపుడు. మీ శ్రమకు అదియే సాక్ష్యము. అంజన్ గడ్డి, స్టైలో అల్లుకొన్న నేలను శుభ్రముగా కనబడవలెనని దున్నించకుడు. వేళ్ళు పట్టి ఉంచిన పైమట్టి వానకు కొట్టుకొనిపోవును.

పొలములోని పాత ఇంటి సంగతియు మరువరాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, దస్తావేజులో వేరుగా వ్రాయనిచో భూమితోపాటు ఇల్లు, చెట్లు కొనినవారికే చెందును. టేకు దూలములు, తలుపులు ఉంచుకొనదలచినచో ఆ మాట వ్రాయించుడు.

హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో, 2005 నాటి చట్ట సవరణ వలన కుమార్తెలకును సమాన వాటా గలదు. బయానా పుచ్చుకొనక ముందే అక్కచెల్లెండ్రను కూర్చుండబెట్టి మాట్లాడుడు. పొలము పోయినను బంధుత్వము నిలువవలెను గదా!