డాక్టర్ నెలకోసారే వస్తే, మిగతా రోజులు మన ముసలోళ్లను ఎవరు చూడాలె?

ఇయ్యాల్టి ఎపిసోడ్ ఇంటి ముచ్చటతోటి మొదలుపెడ్తా.

మాది వేములఘాట్, తొగుట మండలం. ఇప్పుడు పోయి చూద్దామంటే ఊరు లేదు, మల్లన్నసాగర్ నీళ్లున్నయి. 2016ల మావోళ్లు రిలే నిరాహార దీక్షకు కూసున్నరు, వందల రోజులు నడిచింది. ఆఖరికి గజ్వేల్ దగ్గరి కాలనీకి వచ్చినం. ఇల్లు దొరికింది గానీ, బీపీ చూసే ఆర్ఎంపీ, పిలిస్తే పలికే వాడకట్టు తలో దిక్కయినయి.

మా నాయనమ్మ బాత్రూంల జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినంక ఇంట్ల చూసేటోళ్లు లేక, పైసలు కట్టి ఒక వృద్ధాశ్రమంల పెట్టినం. అక్కడికి డాక్టర్ నెలకోసారి వస్తడు. నడుమ ఆమెకు వెనక పుండు పడ్డది. ఆయాలు పౌడర్ చల్లిన్రు. డాక్టర్ వచ్చేసరికి పుండు ఎముక దాకా పోయింది. ఆయాలను తిట్టి ఏం లాభం? ఎర్రగైన తోలే పుండుకు మొదలని వాళ్లకు ఎవరూ చెప్పలే.

అమెరికాల నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గరి లెక్క ప్రైవేటు దవాఖాన కాదు, ఇట్లాంటి ముసలోళ్లు ఉండే చోటు. అక్కడి కేంద్ర నిబంధన ప్రకారం మొదటి 90 రోజులు కనీసం 30 రోజులకోసారి, తర్వాత 60 రోజులకోసారి డాక్టర్ చూడాలి. మొదటి పరీక్ష డాక్టరే చేయాలి. ఆ తర్వాత ఒకసారి డాక్టర్, ఒకసారి నర్స్ ప్రాక్టీషనర్ చూడొచ్చు. అంటే పై చదువు చదివి, పరీక్ష చేసి మందులు రాసే నర్సు. ఈ చదువును 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టర్ కలిసి మొదలుపెట్టారు.

మరి మన దగ్గర? 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్‌లో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌కు పరిమిత లైసెన్స్ అనే మాట ఉంది. ప్రాథమిక వైద్యంలో కొన్ని మందులు సొంతంగా రాయొచ్చు, మిగతావి డాక్టర్ పర్యవేక్షణలోనే. దీని మీద డాక్టర్లు అప్పుడు సమ్మె చేశారు. వాళ్ల భయం ఉత్తదేం కాదు, అరకొర చదువుతో మందు రాస్తే పానం మీదికొస్తది. కానీ మా నాయనమ్మకు కావాల్సింది కొత్త మందు కాదు. రెండు గంటలకోసారి పక్క మార్చి, రోజూ తోలు చూసి, తేడా కనబడంగనే డాక్టర్‌కు ఫోన్ కొట్టే చదువుకున్న మనిషి. మన పల్లె దవాఖానల్లో నర్సింగ్ చదివిన మిడ్‌లెవల్ ప్రొవైడర్లు ఉన్నరు. వాళ్లు వారానికోసారి దగ్గరి ఆశ్రమానికి పోవాలని రాసిపెడితే సగం పని అయితది అంటా నేను.

2007 చట్టం జిల్లాకో వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి చోటు అని చెప్తది. లోపల నర్సు ఉన్నదా లేదా చూసుకునుడు మాత్రం మన వంతే. ఎవరినన్నా చేర్పిస్తే నాలుగు అడుగున్రి: రాత్రి పూట నర్సు ఉంటదా? పక్క మార్చిన టైం రాస్తున్నరా? డాక్టర్ లేని రోజు ఎవరికి ఫోన్ చేస్తరు? మందుల చీటీ చివరిసారి ఎప్పుడు మార్చిన్రు?

మేం ఒక్కటి కూడా అడగలే. రూం ఎంత, ఫ్యాన్ ఉన్నదా, గిదే అడిగినం.