నోరులేని పోలీసు

దొంగసొత్తు జాడ తీసిన మొట్టమొదటి జాగిలం ఎవరిది? లండను పోలీసులదీ కాదు, జర్మనీ పోలీసులదీ కాదు. సాక్షాత్తూ దేవేంద్రుడిది! పణులనేవాళ్ళు ఆవులమందను తోలుకుపోయి కొండలో దాచేస్తే, వాటి జాడ తీయడానికి ఇంద్రుడు సరమ అనే ఆడకుక్కను పంపించాడని ఋగ్వేదం చెబుతున్నది. సరమ నది దాటి వెళ్ళి ఆవులున్న చోటు కనిపెట్టింది. పణులు దానిని మంచి చేసుకోవాలని చూశారు. తోబుట్టువులా చూసుకుంటామన్నారు, ఆవుల్లో వాటా ఇస్తామన్నారు. సరమ ససేమిరా అన్నది. లంచానికి లొంగని పోలీసన్నమాట!

ఆ సరమ సంతతే ఈనాడు మన పోలీసుశాఖలో కొలువు చేస్తున్నది. ఎక్కడ దొంగతనం జరిగినా, హత్య జరిగినా "పోలీసు జాగిలాలను రప్పించారు" అని పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఆ జాగిలం చేసే పనేమిటి? ఎలా చేస్తుంది? అది చూపించినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? మొదటి రెండు ప్రశ్నలూ వినోదానికి పనికివస్తాయి. మూడవది మాత్రం ఒక మనిషి పరువుకూ, ఒక్కొక్కప్పుడు ప్రాణానికీ సంబంధించినది.

కొలువులో చేరిన కథ

1888లో లండను నగరాన్ని గడగడలాడించిన హంతకుడు "జాక్ ది రిప్పర్" ఎవరన్నది తేలక పోలీసులు తలలు పట్టుకున్నారు. అప్పుడు బార్నబీ, బర్గో అనే రెండు బ్లడ్‌హౌండు జాగిలాలను తెప్పించి పార్కులో పరీక్షించారు. పరీక్షలు జరిగాయిగాని హంతకుడు మాత్రం దొరకలేదు. పోలీసు జాగిలాలను ఒక పద్ధతి ప్రకారం ఉద్యోగంలో పెట్టిన ఘనత బెల్జియం దేశంలోని ఘెంట్ నగరానిది. 1899లో అక్కడ రాత్రి గస్తీ తిరిగే పోలీసుల వెంట కుక్కలను పంపడం మొదలుపెట్టారు. తరువాత జర్మనీవాళ్ళు ఆ విద్యకు మెరుగులు దిద్దారు.

డాబర్‌మన్ అనే జాతి పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. జర్మనీలో ఆపోల్డా అనే ఊళ్ళో పన్నులు వసూలుచేసే ఉద్యోగి పేరు డాబర్‌మన్. పన్నుల డబ్బుతో ఒంటరిగా తిరగాలంటే భయం కదా! తనకు తోడుగా ఉండేందుకు వాడిగా, చురుకుగా ఉండే కుక్కలను ఆయన పెంచాడు. ఆయన పేరే ఆ జాతికి నిలిచిపోయింది.

మన దేశంలో పోలీసు జాగిలాల దళాల్లో మొదటిదని చెప్పుకునేది 1951 నాటి మద్రాసు దళం. అప్పటికింకా ఆంధ్రరాష్ట్రం ఏర్పడలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. కనుక ఆ దళంలో మనకూ వాటా ఉన్నదనుకుంటే తప్పులేదు. 1959లో కేరళలో మూడు అల్సేషియన్ కుక్కలతోనూ, బొంబాయిలో మూడు డాబర్‌మన్ కుక్కలతోనూ దళాలు వెలిశాయి. 1970లో గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళంవారు కుక్కల శిక్షణకు జాతీయ కేంద్రం నెలకొల్పారు. ఇప్పుడు మన హైదరాబాదు సమీపంలో, మొయినాబాదు పోలీసు శిక్షణాలయంలో కూడా జాగిలాలకు చదువు చెబుతున్నారు.

ముక్కులోని మర్మం

ఇంట్లో పప్పుచారు మరుగుతుంటే మనకు "పప్పుచారు" అనే ఒక్క వాసనే తెలుస్తుంది. కుక్కకు అలా కాదు. చింతపండు వాసన వేరు, ఇంగువ వాసన వేరు, కరివేపాకు వాసన వేరు. దేనికదే విడివిడిగా తెలిసిపోతుంది. అందుకే గంజాయిని కాఫీపొడిలో కప్పి తెచ్చేవాళ్ళ ఎత్తులు జాగిలం ముందు పారవు. దానికి కాఫీపొడీ తెలుస్తుంది, గంజాయీ తెలుస్తుంది.

మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50, 60 లక్షలుంటే, కుక్క ముక్కులో జాతినిబట్టి 20 కోట్లకు పైగా ఉంటాయి. మరో విశేషమేమిటంటే, కుక్క విడిచే గాలి ముక్కుపుటాల పక్కనున్న చీలికలగుండా పక్కలకు పోతుంది. అందువల్ల ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు.

మనిషి నడుస్తున్నప్పుడు ఒంటిమీదనుంచి కంటికి కనిపించని చర్మపు పొట్టు రాలుతూ ఉంటుంది. దానికి చెమట వాసన అంటి ఉంటుంది. ఈ వాసన ఒక్కొక్కరిది ఒక్కొక్క రకం. దొంగ వదిలిపోయిన చెప్పో, రుమాలో జాగిలానికి వాసన చూపిస్తే, అది ఆ దారి పట్టుకుని వెళ్ళేది ఈ ఆధారంతోనే. అయితే ఎండ కాసినా, వాన కురిసినా, జనం తొక్కినా ఆ దారి చెరిగిపోతుంది. జాగిలానికి మంత్రమేమీ తెలియదు. వాసన ఉన్నంతవరకే దాని విద్య.

ఇలా జాడ తీసేవి ఒక తరగతి. మందుగుండునూ, మత్తుపదార్థాలనూ పసిగట్టేవి మరో తరగతి. ఈ రెండో తరగతికి లాబ్రడార్ జాతి పెట్టిన పేరు.

మందుగుండు వాసనంటే కుక్కకు ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. దానికి ఇష్టమైనది బంతి! ఆ వాసన ఉన్నచోటు కనిపెట్టినప్పుడల్లా బంతి ఇచ్చి ఆడిస్తారు, మెచ్చుకుని నిమురుతారు. కొన్నాళ్ళకు వాసనకూ బంతికీ దాని మనసులో ముడి పడిపోతుంది. నెలల తరబడి ఈ సాధన సాగుతుంది. బాంబు దొరికితే మొరగకూడదు, కాలితో గీరకూడదు. మెల్లగా కూర్చోవాలి, అంతే. కాలు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా? మనకది ప్రాణాపాయం, దానికది ఆట. ఆ ఆటలోనే అది మన ప్రాణాలు కాపాడుతున్నది.

ప్రతి జాగిలానికీ ఒక పోలీసు ఉంటాడు. స్నానం చేయించడం, దువ్వడం, తిండి పెట్టడం, జబ్బు చేస్తే పక్కన కూర్చోవడం అన్నీ అతనే. జాగిలం చెవి కదిపినా, తోక బిగించినా దాని అర్థం అతనికి తెలుస్తుంది. ఇద్దరూ కలిస్తేనే ఒక ఉద్యోగి అనుకోవాలి.

బొంబాయి జంజీర్

1993 మార్చి 12న బొంబాయి నగరంలో వరుసగా బాంబులు ప్రేలి 257 మంది చనిపోయారు. ప్రేలినవి ప్రేలగా, ప్రేలనివి ఎక్కడెక్కడున్నాయో ఎవరికీ తెలియదు. నిలిపి ఉన్న స్కూటరును చూసినా, దిక్కులేని పెట్టెను చూసినా జనం వణికిపోయేవారు. ఆ రోజుల్లో బొంబాయి పోలీసుల దగ్గర జంజీర్ అనే లాబ్రడార్ ఉండేది. 1973లో వచ్చిన హిందీ చిత్రం పేరే దానికి పెట్టారు. పుట్టి అప్పటికి పధ్నాలుగు నెలలు దాటిందంతే, చదువు పూణేలో.

ఆ జంజీర్ పసిగట్టిన సరుకు పట్టిక చూడండి: 3,329 కిలోల ఆర్.డి.ఎక్స్., 600 డిటొనేటర్లు, 249 చేతిబాంబులు, 6,406 తూటాలు! ఇవన్నీ ప్రేలి ఉంటే నగరం గతి ఏమై ఉండేదో ఊహించుకోవడానికే భయం వేస్తుంది. 2000 నవంబరు 16న ఎముకల కాన్సరుతో జంజీర్ కన్నుమూసింది. పోలీసు లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు. పూలు కప్పిన ఆ చిన్న దేహం ముందు పెద్ద అధికారి తలవంచి నిలబడిన ఫోటోను తరువాత దేశమంతా చూసింది.

2008 నవంబరు 26న మళ్ళీ అదే నగరంపై ఉగ్రవాదులు విరుచుకుపడినప్పుడు మాక్స్, సుల్తాన్, టైగర్, సీజర్ అనే నాలుగు జాగిలాలు పనిలోకి దిగాయి. తాజ్ హోటలు దగ్గర మాక్స్, ఛత్రపతి శివాజీ టెర్మినస్ రైలు స్టేషనులో సీజర్ ప్రేలని బాంబుల జాడ తీశాయి. ఉద్యోగ విరమణ చేశాక ఆ నాలుగూ బొంబాయికి కాస్త దూరంలో, విరార్‌లో ఒక జంతుప్రేమికురాలి తోటలో కాలక్షేపం చేశాయి. 2016లో, కొద్ది నెలల తేడాలో, ఒకదాని వెనుక ఒకటిగా నాలుగూ వెళ్ళిపోయాయి. సీజర్‌ది చివరి వంతు.

కుక్క చూపితే చాలునా?

ఇంతటి విశ్వాసపాత్రమైన ప్రాణిని నమ్మకపోతే ఎవరిని నమ్ముతాం అనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఊళ్ళో హత్య జరిగింది. జాగిలం వచ్చింది. వీధులన్నీ తిరిగి ఒక ఇంటి ముందు ఆగింది. వెంట వచ్చిన జనానికి ఇక విచారణ అక్కరలేదు. "కుక్క పట్టేసిందర్రా!" అంటారు. ఆ ఇంటివాళ్ళు మర్నాటినుంచి తలెత్తుకు తిరగలేరు. ఆ ఇంటి పిల్లకు సంబంధం తప్పిపోవచ్చు. మరి హంతకుడు ఆ అరుగుమీద ఒక్క క్షణం కూర్చుని వెళ్ళినా కుక్క అక్కడే ఆగుతుంది కదా?

ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2001లో ఆంధ్రప్రదేశ్‌నుంచి వచ్చిన ఒక కేసులో న్యాయమూర్తులు మూడు సందేహాలు వెలిబుచ్చారు. కుక్కగాని, దాన్ని నడిపించేవాడుగాని పొరబడవచ్చు. కుక్క ప్రవర్తనకు మనం తప్పు అర్థం తీయవచ్చు. అసలు అది మనిషిని ఏ శక్తితో గుర్తుపడుతున్నదో శాస్త్రానికే పూర్తిగా అంతుపట్టలేదు. కాబట్టి దర్యాప్తుకు జాగిలం సాయం తీసుకోవచ్చుగాని, దాని చూపును పట్టుకుని నేరం రుజువైనదనడం న్యాయస్థానానికి తగదన్నారు. బోనులో నిలబెట్టి ప్రశ్నలడుగుదామంటే దానికి నోరు లేదాయె!

పదేళ్ళ తరువాత, 2011లో, అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక పరీక్ష ఫలితాన్ని ప్రకటించారు. 18 జాగిలాలనూ, వాటిని నడిపేవాళ్ళనూ ఒక చర్చి భవనంలో వెదకమన్నారు. అక్కడ మత్తుపదార్థంగాని, మందుగుండుగాని చిటికెడు కూడా పెట్టలేదు. కాని నడిపేవాళ్ళకు మాత్రం ఉన్నట్టు చెప్పి, కొన్నిచోట్ల ఎర్రకాగితం గుర్తులు పెట్టారు. మొత్తం 144 సార్లు వెదికితే, ఏమీ లేదని సరిగా తేలింది 21 సార్లే! మిగతా అన్నిసార్లూ కుక్క "ఇదిగో, ఇక్కడున్నది" అని చూపినట్టు నడిపేవాళ్ళు చెప్పారు. యజమాని మనసులో ఏమున్నదో అతని నడకనుబట్టి, చూపునుబట్టి కుక్క గ్రహించి ఉండవచ్చు. లేదా అతనే అలా ఊహించుకుని ఉండవచ్చు. ఏదైనా పొరపాటుకు మూలం మనిషి మనసే.

మన నన్నయగారి భారతంలోనూ సరమ కనిపిస్తుంది. జనమేజయుడి తమ్ములు ఏ తప్పూ చేయని దాని పిల్లను కొట్టి తరిమారు. సరమ వచ్చి రాజును నిలదీసింది. నిరపరాధిని శిక్షించినవారికి అనుకోని ఆపద వస్తుందని చెప్పి వెళ్ళింది. ఆనాడు అకారణంగా దెబ్బలు తిన్నది కుక్కపిల్ల. ఈనాడు కుక్క పేరు చెప్పి మనిషి దెబ్బలు తినకూడదు.

ఇందులో మనం చేయగలిగినది కూడా కొంత ఉన్నది. ఇంట్లో దొంగతనం జరిగితే బీరువాలు సర్దడం, గది ఊడ్చి కడగడం చేయకండి. చూడటానికి వచ్చిన ఇరుగుపొరుగులను వీధిలోనే ఆపండి. దొంగ వదిలిన వస్తువు ఏదైనా కనిపిస్తే చేత్తో ముట్టవద్దు. మీ వాసన దానికి అంటుకుంటుంది. జాగిలం పని చేస్తుండగా పిల్లలను దూరంగా ఉంచండి. బిస్కట్లు విసరడం, ఈలలు వేయడం తగదు. అన్నిటికంటే ముఖ్యం, అది ఎవరి వాకిట్లోనైనా ఆగితే ఆ క్షణానే తీర్పు చెప్పకండి. అక్కడ వెదకమని మాత్రమే అది చెబుతున్నది. ఆ ఇంటివాళ్ళు దోషులో కాదో పోలీసులు ఆధారాలు వెదికి తేల్చాలి, న్యాయస్థానం నిర్ణయించాలి. అంతవరకు వాళ్ళు మన ఇరుగుపొరుగే.